లింకన్ ఓడాలంటే?

ప్రశ్న: 1860 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో డెమొక్రాట్లు చీలకపోతే లింకన్ ఓడేవాడా? నా కథకు అదే మలుపు.
– ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఓట్ల చీలిక మనకు అలవాటైన లెక్కే గానీ, ఇక్కడ పారదు. లింకన్‌కు దేశం మొత్తమ్మీద 40 శాతం లోపే వచ్చినా, 303 ఎలక్టోరల్ ఓట్లలో (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టర్ల ఓట్లు) 180 దక్కాయి. కావలసినవి 152. మిగతా ముగ్గురి (చీలిన డెమొక్రాట్లు ఇద్దరు, మరో పార్టీ అభ్యర్థి ఒకరు) ఓట్లూ రాష్ట్రాలవారీగా కలిపినా ఆయనకు పోయేవి కాలిఫోర్నియా 4, ఓరెగాన్ 3, న్యూజెర్సీలో 4. ఇంకా 169 మిగులుతాయి! ఉత్తరాదిలో చాలా రాష్ట్రాల్లో సగానికి పైగా ఓట్లు ఆయనవే మరి.

మలుపు న్యూయార్క్‌లో పెట్టండి. అక్కడి 35 పోతే 145కి దిగుతాడు. అయితే అక్కడ ప్రత్యర్థులు ఎలక్టర్ల ఉమ్మడి జాబితా పెట్టి కూడా ఓడారు. కాబట్టి గట్టి కారణం అల్లాలి. చీలికను మాత్రం అలాగే ఉంచండి. అప్పుడు ఎవరికీ మెజారిటీ రాక ఎన్నిక ప్రతినిధుల సభకు (అమెరికా చట్టసభలో దిగువ సభ) వెళ్తుంది. రాష్ట్రానికి ఒకే ఓటు, 33లో 17 కావాలి.