వీధి చెట్లు, తీగలు, కాలిబాటలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊళ్ల నుంచి వీధి చెట్ల గురించి వచ్చిన ప్రశ్నలివి. ఒకే సమస్య మీద రాసిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇస్తున్నాం.

ప్రశ్న: ఏటా తుపాన్ల కాలం ముందు మా వీధిలో కరెంటు తీగల కింద చెట్ల తలలు నరికేస్తున్నారు. కొద్ది నెలలకే కొమ్మలు మళ్లీ తీగల్ని అందుకుంటున్నాయి. ఎంత నరికినా ఇంతేనా?

జవాబు: తల నరకడం వల్లే అవి అంత తొందరగా ఎగబాకుతున్నాయండీ. ఆకంతా ఒక్కసారి పోయేసరికి చెట్టు తిండికి కరువొచ్చి, బెరడు కింద నిద్రపోతున్న మొగ్గలన్నిటినీ లేపుతుంది. ఒక్క కొమ్మ ఉన్నచోట పదీ పదిహేను చువ్వల్లాంటి కొమ్మలు నిలువునా లేస్తాయి. వాటికి పట్టు పైపొర చెక్కలోనే. కింద నరికిన మోడు పుచ్చిపోతుంటే, పైన ఆ చువ్వలు బరువెక్కుతుంటాయి. ఆ పైన వచ్చే పెద్ద గాలికి విరిగి తీగల మీద పడేవి అవే.

తలకు బదులు దిశ చూసి కోయాలి. తీగవైపు పోతున్న కొమ్మను అది పుట్టిన చోటికి వెళ్లి తీసేయండి. అంతదాకా వద్దనుకుంటే, తీగకు దూరంగా పోయే పక్క కొమ్మ ఉన్నచోట ఆపండి. ఆ పక్క కొమ్మ, తీసేసే కొమ్మ మందంలో మూడోవంతైనా ఉండాలి. అంతకన్నా సన్నదైతే కొమ్మను నడిపించలేదు, మళ్లీ చువ్వలే లేస్తాయి. ఇలా కోసిన చెట్టు మధ్యలో ఖాళీతోనో ఒకవైపుకి ఒరిగినట్టో కనిపిస్తుంది. చూపుకు బాగుండదు కానీ తీగ జోలికి పోదు. ఒక ఏడాదిలో పచ్చని ఆకులో నాలుగోవంతుకు మించి తీయకండి.

బరువైన కొమ్మకు మూడు కోతలు కావాలి. మొదటిది మాను నుంచి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, కిందనుంచి పైకి, మందంలో మూడోవంతు వరకు. రెండోది దానికి కొద్దిగా అవతల, పైనుంచి. కొమ్మ ఇక్కడే తెగి పడుతుంది. మొదటి కోత ఉంది కనుక బెరడు మాను పొడవునా చీలిపోదు. మూడోది మిగిలిన ముక్కకు. కొమ్మ మానులో కలిసేచోట ఉబ్బెత్తుగా ఉంగరంలా ఉంటుంది చూడండి, దానికి సరిగ్గా బయట కోయాలి. ఉంగరాన్ని కోస్తే చెట్టు గాయాన్ని మూసుకోలేదు. ముక్క పొడుగ్గా వదిలితే అది ఎండి, పుచ్చు మానులోకి దిగుతుంది.

ఇక ప్రాణాల సంగతి. పచ్చి కొమ్మలో కరెంటు పారుతుంది, ఉప్పుగాలికి తడిసిన కొమ్మలో మరీను. లైను దగ్గర శిక్షణ లేనివాళ్లు తమ శరీరమూ పనిముట్టూ కొమ్మా ఏదీ తీగకు కనీసం 3 మీటర్ల లోపలికి రానివ్వకూడదు. హైటెన్షన్ లైన్లకు ఇంకా ఎక్కువ దూరం కావాలి. అంతకన్నా దగ్గరి పని లైన్‌మన్లది. వాళ్లు సరఫరా ఆపి, ఆగిందని పరికరంతో చూసి, తీగలకు ఎర్తింగు తగిలించాకే కోత మొదలవ్వాలి. ఆపేశాం కదా అని ఎర్తింగు మానేస్తే, ఏదో ఇంటి జనరేటర్ నుంచి వెనక్కి వచ్చే కరెంటు మనిషిని తీసుకుపోతుంది.

పెద్ద చెట్లు వరసగా ఉన్న వీధిలో కత్తి ఒక్కటే దారి కాదు. అక్కడ మామూలు తీగలు తీసి, తొడుగున్న తీగల్ని ఒకే కట్టగా లాగితే, చెట్టుకు ఇవ్వాల్సిన ఎడం బాగా తగ్గుతుంది. ఏటేటా నరకడానికయ్యే ఖర్చు పక్కన ఈ ఖర్చు పెట్టి చూడమని అడగండి.

ప్రశ్న: కోసినచోట తారు పూయమంటున్నారు. పూయాలా?

జవాబు: అక్కర్లేదు. తారు కింద తేమ నిలిచి, పుచ్చుకు అదే ఆసరా అవుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూసి, చెట్టు గాయాన్ని మాన్పుకోదనీ, చుట్టూ అడ్డుగోడలు కట్టి లోపలే బంధిస్తుందనీ 1970ల్లో వివరించారు. ఆ గోడలు కట్టే చోటే ఇందాక చెప్పిన ఉంగరం. పచ్చి గాయం మీద వాలే పురుగుల వల్ల తెగులు పాకుతున్న ప్రాంతాల్లో మాత్రం పూత పనికొస్తుంది.

ప్రశ్న: బాదం చెట్టు వేళ్లు కాలిబాట పలకల్ని లేపేశాయి. వేళ్లు కోసి కొత్తగా కాంక్రీటు పోస్తామని కాంట్రాక్టర్ అంటున్నాడు. మురుగు పైపులోకి కూడా వేళ్లు దూరాయట. చెట్టు కొట్టేయడమే మేలా?

జవాబు: పలక కింద తేమ ఆరదు. పలకకూ గట్టిగా దిమ్మిసకొట్టిన నేలకూ నడుమ సన్నని సందు ఉంటుంది, అందులో గాలి ఆడుతుంది. వేరుకు అంతకన్నా ఏం కావాలి! సన్నగా దూరి, ఏళ్ల తరబడి లావెక్కి, పలకను లేపుతుంది. తీరప్రాంతంలో ఇంకో ఇబ్బంది ఉంది. నేల కింద కొద్ది లోతులోనే నీరు ఉంటే వేళ్లు కిందికి పోవు, పైపైనే పరుచుకుంటాయి. ఆ పైవేళ్లే చెట్టును గాలికి నిలబెడుతున్నాయి.

ముందు నేలకు సుమారు 1.4 మీటర్ల ఎత్తున మాను చుట్టుకొలత తీసి 3.14తో భాగించండి, వ్యాసం వస్తుంది. మానునుంచి ఆ వ్యాసానికి మూడు రెట్ల దూరం లోపల లావు వేరు కోయకూడదు. ఐదు రెట్లు వదిలితే నిశ్చింత. 40 సెంటీమీటర్ల మాను అయితే 1.2 మీటర్లు కనీసం, 2 మీటర్లు మేలు. మీ కాలిబాట అంతకన్నా దగ్గరుంటే కాంట్రాక్టర్ చెప్పిన పని చేయనివ్వకండి. చెట్టు పచ్చగానే ఉంటుంది, తర్వాతి తుపానుకు వేళ్లతో సహా పడుతుంది.

బాటనే మార్చండి. చోటుంటే మాను దగ్గర వంపు తిప్పి, పాదును 1.5 మీటర్ల చదరానికి పెంచాలి. చోటు లేకపోతే వేళ్ల మీదుగా మెల్లని వాలుతో బాటను ఎత్తండి. పొడి లేని పెద్ద కంకర 10 నుంచి 15 సెంటీమీటర్లు పరిచి, పైన విడదీయడానికి వీలయ్యే ఇటుకలు పేర్చాలి. కంకర సందులు పెద్దవి, పొడిగా ఉంటాయి, కనుక వేళ్లు అక్కడ త్వరగా పెరగవు. మళ్లీ ఎత్తు వచ్చినా నాలుగు ఇటుకలు తీసి సర్దితే సరి.

కోయక తప్పని వేరుంటే చేత్తో మట్టి తీసి, రంపంతో నున్నగా కోసి, అదే రోజు పూడ్చండి. పొక్లెయిన్ తొట్టి వేరును కోయదు, మానుదాకా చీల్చుకుపోతుంది. రెండువైపులా ఒకేసారి కోయకండి, గాలుల కాలానికి ముందు అసలే వద్దు. వేళ్లను మళ్లించే ప్లాస్టిక్ పలకలు మొక్క నాటేటప్పుడు పనికొస్తాయి. వాటి అంచు నేలపైకి ఒకటి రెండు సెంటీమీటర్లు కనిపించాలి, లేకపోతే వేరు దాటి వస్తుంది.

పైపు సంగతి వేరు. గట్టి పైపును వేరు పగలగొట్టి దూరడం అరుదు. కారుతున్న అతుకు దగ్గర తడి ఉంటే వెంట్రుకంత వేరు లోపలికి పోయి, అక్కడ జడలా అల్లుకుంటుంది. చెట్టు కొట్టేసినా అతుకు కారుతూనే ఉంటుంది, ఇంకో చెట్టు వేళ్లు వస్తాయి. రబ్బరు వాషర్లతో బిగిసే అతుకులున్న పీవీసీ పైపు వేయండి, లేదా పాత పైపు లోపల కొత్త పొర వేయించండి. కొత్త కందకం మానునుంచి వ్యాసానికి 12 రెట్ల దూరం లోపలికి వస్తే తవ్వకుండా, వేళ్ల కిందుగా బోరు వేసి పైపు దూర్చాలి.

ప్రశ్న: తుపాను తర్వాత సముద్రం వైపు ఆకులన్నీ మాడిపోయాయి. కొన్ని చెట్లు ఒరిగాయి. ఏవి కొట్టాలి?

జవాబు: మాడిన ఆకు చూసి కొట్టకండి, అది ఉప్పు పని. చిన్న కొమ్మ మీద గోటితో గీకండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది. తర్వాతి చిగుళ్ల కాలం వరకు ఆగండి. వీలైతే ఒకటి రెండు రోజుల్లో మంచినీళ్లతో ఆకులు కడగాలి. ఉప్పునీరు నిలిచిన చోట నీరు దిగిపోయే దారి చేసి, మంచినీళ్లు లోతుగా తడిపి ఉప్పును కిందికి దించాలి. బంకమట్టి అయితే ముందు జిప్సం చల్లి తర్వాత తడపండి. ఆ కాలంలో రసాయనిక ఎరువు వేస్తే ఉప్పు మీద ఉప్పు వేసినట్టే.

ఒరిగినవాటిలో మాను 10 సెంటీమీటర్ల లోపుంటే నిలబెట్టొచ్చు. అంతవరకు తేలిన వేళ్లను తడి గోనెలతో కప్పండి. లేచిన వేళ్ల కింద మట్టి తీసి వాటిని లోపలికి దింపుతూ నిలపాలి. వెడల్పు పట్టీలతో రెండు మూడు గుంజలకు కట్టి, ఏడాదికి విప్పేయండి. తీగతో కడితే బెరడు కోసుకుపోతుంది. పెద్ద చెట్టు ఒరిగిన దిశకు ఎదురువైపు నేల పగిలో ఉబ్బో ఉంటే వేళ్లు తెగాయన్నమాట. కింద రోడ్డో ఇల్లో ఉంటే ఆ రోజే చుట్టూ కంచె కట్టి, తీయించండి. ఎప్పటినుంచో ఒరిగి ఉండి, చివర మళ్లీ నిలువుగా లేచిన చెట్టు అలవాటు పడ్డ చెట్టు. దాన్ని వదిలేయొచ్చు.

ప్రశ్న: బీచ్ రోడ్డు కొబ్బరిచెట్లకు గాలి తగలకుండా నాలుగు మట్టలు ఉంచి మిగతావి కొట్టేస్తున్నారు. మంచిదేనా?

జవాబు: కాదు. కింది మట్టలు పోతే మొవ్వు ఒంటరిగా ఊగి విరుగుతుంది, చెట్టుకు తిండీ తగ్గుతుంది. అడ్డంగా చాచిన మట్టకు పైనున్నవేవీ ముట్టకండి. కిందికి వేలాడే ఎండు మట్టలు, జనం నడిచేచోట కాయలూ తీస్తే చాలు. ఇనుప మేకుల బూట్లతో ఎక్కనివ్వకండి. కొబ్బరి మానుకు పడ్డ గాయం ఎప్పటికీ పూడదు.

ప్రశ్న: తీగల కింద కొత్తగా ఏం నాటాలి?

జవాబు: పెరిగాక 5, 6 మీటర్లు దాటనివి. ఉప్పుగాలికి ఆగేవాటిలో గన్నేరు, దేవగన్నేరు ఉన్నాయి. గన్నేరు అంతా విషమే కనుక బడుల దగ్గర, పశువులు తిరిగేచోట వద్దు. పొన్న, గంగరావి, కానుగ వంటివి తీగలు లేని వైపు నాటండి. ఒంటిగా కాకుండా గుంపులుగా పెట్టండి. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంవాళ్లు హరికేన్ల తర్వాత చేసిన పరిశీలనల్లో గుంపు చెట్లే ఎక్కువ నిలిచాయి. గుంతను వేరుముద్దకు రెండు మూడు రెట్ల వెడల్పున తవ్వాలి, లోతు మాత్రం ముద్దంతే. మాను మొదట్లో వేళ్లు విచ్చుకునే చోటు నేలపైకి కనిపించాలి. ఎండుటాకు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందాన పరవండి, మానుకు ఆనించకుండా.