రైలు చవకే, స్టేషన్ దారే ఖరీదు

ప్రశ్న: మాది హనుమకొండ. జీతం రూ.24,000. కాజీపేటలో రైలెక్కి రోజూ జనగామకు అప్ అండ్ డౌన్ చేస్తాను. పొద్దున షేర్ ఆటోకు రూ.20, రాత్రి ఇంటికి రావడానికి ఫుల్ ఆటోకు రూ.100 అవుతోంది. రూ.1.20 లక్షల ఎలక్ట్రిక్ స్కూటర్‌కు అడ్వాన్స్ ఇచ్చాను. రూ.లక్ష లోను, మూడేళ్లపాటు నెలకు రూ.3,400. తీసుకోవచ్చా? నాన్న పాత బైక్ మూలన పడి ఉంది, రిపేరుకు రూ.7,000 అడుగుతున్నారు.

జవాబు: ఇప్పుడే వద్దు. నెలకు 25 రోజులకు మీ ఆటో ఖర్చు రూ.3,000. రైలు పాసుకయ్యేదానికి ఇది ఎన్నో రెట్లు. కంతు ఒక్కటే దీన్ని మించిపోతోంది, వడ్డీకే రూ.22,400 పోతాయి. పైగా స్టాండు ఫీజు. కరెంటు ఖర్చు తక్కువే, రోడ్డు పన్ను మినహాయింపూ ఉంది, కాదనను. కానీ రోజంతా తిరిగేవాళ్లకు కలిసొచ్చే బండి మీకు పొద్దంతా కాజీపేట స్టాండులోనే నిలబడి ఉంటుంది.

మీ డబ్బు పోతున్నది రాత్రి ఆటోకు. ఆ వేళ షేర్ ఆటోలు నిండవు, డ్రైవరూ ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి వంద అడుగుతాడు, అతన్నీ తప్పుపట్టలేం. అయితే అదే రైలు దిగి ఫాతిమానగర్ బ్రిడ్జి దాటి హనుమకొండ వైపే వచ్చేవాళ్లు మీ బోగీలోనే ఉంటారు. రోజూ చూసే ముఖాలే కదా, అడగండి. ముగ్గురు కలిస్తే మనిషికి రూ.34. నెల ఖర్చు రూ.1,350కి దిగుతుంది, చేతి నుంచి పైసా పెట్టకుండా.

రైలు లేటైన రోజుల్లో జత కుదరకపోతే అప్పుడు నాన్నగారి బైక్ బాగు చేయించండి. రాను పోను 12 కిలోమీటర్లు అనుకుంటే నెలకు ఆరు లీటర్ల పెట్రోలు, సుమారు రూ.650. స్టాండుకు రోజుకు రూ.20 వేసుకున్నా మొత్తం రూ.1,150. రిపేరు డబ్బు నాలుగు నెలల్లో తిరిగొస్తుంది. ఇన్సూరెన్స్ తేదీ దాటిందేమో ముందు చూడండి, అది లేకుండా మాత్రం బండి బయటికి తీయొద్దు.

పాస్ కూడా ఈసారి మూడు నెలలది తీసుకోండి, 2.7 నెలల డబ్బే పడుతుంది. ఆటో ఖర్చులో నెలనెలా మిగిలే రూ.1,650ని పోస్టాఫీసు ఆర్డీలో కట్టండి. షోరూంలో ఇచ్చిన అడ్వాన్స్ వెనక్కిస్తారేమో రేపే వెళ్లి అడగండి.