వానల్లో బిగిసిన తలుపుని చిత్రిక పట్టించవద్దు: తలుపుల సంరక్షణపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వానలు మొదలైతే చాలు, మా టేకు తలుపు పడదు. భుజంతో నెట్టాల్సి వస్తోంది. ఎండలు రాగానే మళ్లీ మామూలే. వడ్రంగి అంచు చిత్రిక పడతానంటున్నాడు. పట్టించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండీ. ఉబ్బి ఉన్నప్పుడు చెక్క తీసేస్తే, ఎండలకి తలుపు తగ్గాక గడియ అందనంత సందు మిగులుతుంది. తీసిన చెక్కని మళ్లీ అతికించలేం.

ముందు తలుపు ఎక్కడ రాసుకుంటోందో తేల్చుకోండి. ద్వారబంధం లోపలి అంచుకి పొడుగునా సుద్దముక్క దట్టంగా రుద్ది, తలుపు రెండు మూడు సార్లు వేసి తీయండి. తలుపు మీద సుద్ద అంటిన చోటే రాపిడి. గడియ వైపు పైమూల ఒక్కచోటే అంటిందంటే తప్పు చెక్కది కాదు, పై బందుది. తలుపు బరువుకి ఎక్కువగా లాగబడేవి ఆ పై స్క్రూలే. అవి వదులైతే తలుపు గడియ వైపుకి వాలి పైమూల ద్వారబంధానికి తగులుతుంది, కిందిమూల నేలని గీస్తుంది. తలుపు సగం తెరిచి పిడి పట్టుకుని పైకెత్తి చూడండి. బందు రేకు చెక్క మీద కదులుతుంటే స్క్రూలు పట్టు వదిలేసినట్టే. తలుపు కింద చెక్కముక్క దోపి బరువు ఆన్చాక, ఒక్కో స్క్రూ తీసి, ఆ రంధ్రంలో తల విరిచేసిన అగ్గిపుల్లలు రెండు మూడు చెక్క జిగురులో ముంచి బిగుతుగా దింపండి. ఒక రోజు ఆరాక పైకి పొడుచుకొచ్చింది కోసేసి స్క్రూ మళ్లీ బిగించండి. ద్వారబంధం మందంగా ఉంటే పొట్టి స్క్రూ ఒకటి తీసి 50 మి.మీ. స్క్రూ వేస్తే ఇంకా మంచిది.

సుద్ద అంచు పొడుగునా సమంగా అంటితే అప్పుడు నిజంగా చెక్కే ఉబ్బింది. తేమ పీల్చిన చెక్క వెడల్పులో పెరుగుతుంది, పొడవులో దాదాపు పెరగదు. అందుకే బిగిసేవి పక్క అంచులు. కానీ తేమ జొరబడే పెద్ద దారి అక్కడ కాదు, తలుపు నెత్తినా అడుగునా ఉంటుంది. నిలువు చెక్కల నాళాలు తెగిన కొసలు అక్కడ నోళ్లు తెరుచుకుని ఉంటాయి. బిగించే రోజున నేలకి సరిపెట్టడానికి అడుగు కాస్త కోస్తారు. కనబడదు కదా అని ఆ కోతకి పాలిష్ వేయడం మానేస్తారు. ఒక చిన్న అద్దం నేల మీద పెట్టి తలుపు అడుగు చూడండి. ముఖం నిగనిగలాడుతున్నా అడుగు పచ్చిచెక్కలా తేలి, మూలల్లో నల్లటి మరకలు కనబడితే కారణం దొరికినట్టే.

వానలు వెనకబట్టి నాలుగు వారాలు పొడిగా గడిచాక తలుపు దింపించండి. పక్కల సందు 3 మి.మీ. ఉంటే చిత్రికే అక్కర్లేదు. చాలకపోతే సుద్ద చూపించిన మేరకే పట్టించండి. తర్వాత 120 నంబరు, 180 నంబరు సాండ్‌పేపర్లతో రుద్ది, నెత్తికీ అడుగుకీ పక్కలకీ పాలీయూరిథేన్ వార్నిష్ మూడు పూతలు వేయించండి. మొదటి పూతలో దాని థిన్నరే పదో వంతు కలిపితే నాళాల్లోకి దిగుతుంది. పూతకీ పూతకీ మధ్య డబ్బా మీద రాసినంత సేపు ఆగాల్సిందే. బందులు కూర్చునే గాడుల్ని, తాళం కోసం తొలిచిన గూడుని కూడా మరవద్దు.

ప్రశ్న: తలుపు మెరవాలని నెలకోసారి వంటనూనె రాస్తున్నాం. ఇప్పుడు చేత్తో తాకితే జిగట, చెక్కడాల్లో నల్లటి మడ్డి. ఎలా పోతుంది?

జవాబు: వంటనూనె గాలి తగిలి జిగురుగా మారుతుంది, దానికి దుమ్ము పట్టి మడ్డి కడుతుంది. వార్నిష్ ఉన్న తలుపులోకి నూనె ఇంకదు కాబట్టి చెక్కకి దానివల్ల ఒరిగేదీ లేదు. లీటరు గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చెంచా కలిపి, గుడ్డ ముంచి, చుక్క కారకుండా పిండి, చెక్క చారల వెంట తుడవండి. చెక్కడాల్లోకి పాత టూత్‌బ్రష్. వెంటనే మంచినీళ్ల గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి. అప్పటికీ జిగట వదలకపోతే మినరల్ టర్పెంటైన్ గుడ్డకి అద్ది తుడవండి. కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి చేయాల్సిన పని అది.

ఏ ద్రవమైనా ముందు బందుల వైపు అంచున ప్రయత్నించండి. స్పిరిట్ మాత్రం ముట్టుకోవద్దు. పాత తలుపులకి వేసే లక్క పాలిష్ స్పిరిట్‌లో కరిగి చేతికి వచ్చేస్తుంది.

పూత లేని ఉత్త చెక్కకి నూనె పట్టించాలనుకుంటే అవిసె నూనె వాడండి. పలచగా రాసి, పదిహేను నిమిషాలకి మిగిలినదంతా తుడిచేయాలి. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారిలేక గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.

ప్రశ్న: బాల్కనీకి యూపీవీసీ జరుపుడు తలుపు ఉంది. పట్టాలకి నూనె వేసినా బరువుగానే కదులుతోంది. పెద్ద వానకి నీళ్లు లోపలికి వస్తున్నాయి.

జవాబు: రెండింటికీ మూలం పట్టాల్లో పేరుకున్న మట్టే కావచ్చు. నూనె ఆ మట్టిని ముద్ద చేస్తుంది, చక్రాలు ఆ ముద్దలో కూరుకుంటాయి. పొడి బ్రష్‌తో గీకి, వాక్యూమ్‌తో లాగి, మిగిలిన జిడ్డుని సబ్బునీళ్లతో కడగండి. తర్వాత పట్టాల గాడి అడుగున, ఫ్రేమ్ బయటి ముఖాన సన్నటి చీలికలు వెతకండి. గాడిలో పడిన వాన బయటికి పోవాల్సింది వాటి గుండానే. ప్లాస్టిక్ పుల్లతో వాటిని తెరిచి, గాడిలో గ్లాసు నీళ్లు పోసి చూడండి. నిమిషంలో బయట కారకపోతే ఇంకా మూసుకునే ఉన్నాయి. నీళ్లు బాగానే పోతూ తలుపు ఇంకా బరువుగా ఉంటే, తలుపు కింది కొసల్లో ఉండే స్క్రూని పావు మలుపు చొప్పున తిప్పి చక్రాల ఎత్తు సరిచేయండి. రెండు కొసలూ సమంగా లేవాలి.

రబ్బరు అంచులకి సిలికాన్ స్ప్రే చాలు. పెట్రోలియం నూనెలు ఆ రబ్బరుని ఉబ్బిస్తాయి. ఫ్రేమ్ మీద మరకలకి థిన్నర్, అసిటోన్ వాడొద్దు, అవి ప్లాస్టిక్ పైపొరనే మెత్తబరుస్తాయి.

ప్రశ్న: బాత్రూం పీవీసీ తలుపు కింది భాగమంతా తెల్లటి పొర. బందులు కూడా తుప్పు పట్టాయి.

జవాబు: పొర ఉప్పునీళ్లది. వెనిగర్, నీళ్లు సమంగా కలిపి గుడ్డ తడిపి పది నిమిషాలు అంటించి ఉంచి, మెత్తటి స్పాంజితో రుద్ది కడిగేయండి. గడప పాలరాయిదైతే దాని మీద ప్లాస్టిక్ షీటు పరవండి, వెనిగర్ పాలరాతి మెరుపు తినేస్తుంది. ఆ పూట బ్లీచింగ్ దగ్గరికి కూడా రానివ్వొద్దు, రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

బందుల తుప్పుకి కారణం నీళ్లొక్కటే కాకపోవచ్చు. నేల కడిగే యాసిడ్ ఆవిరి స్టెయిన్‌లెస్ స్టీలునీ మచ్చలు పెడుతుంది. యాసిడ్ వాడక తప్పకపోతే, కడిగాక తలుపు తెరిచి ఉంచి, బందుల్నీ గడియనీ తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి.

ప్రశ్న: ఇనుప తలుపుకి ఏటా రంగు వేస్తున్నా అడుగున మళ్లీ బుడగలు లేస్తున్నాయి.

జవాబు: తుప్పు మీదే రంగు పడుతోంది. బుడగ చుట్టూ గట్టి రంగు తగిలేదాకా గీకండి. వైర్ బ్రష్, తర్వాత 80 నంబరు, 120 నంబరు ఎమరీ పేపర్లతో లోహం మెరిసేలా రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడవండి. చెయ్యి తగలనివ్వకుండా అదే రోజు జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయండి. తెల్లవారేదాకా వదిలితే చెమ్మకి మళ్లీ ఎర్రబడుతుంది. దానిపైన ఎనామిల్ రెండు పలచటి పూతలు. మందంగా ఒక్క పూత వేస్తే పైన ఆరి లోపల మెత్తగా ఉండిపోతుంది.

మీ తలుపు గొట్టాలతో చేసినదైతే అడుగు గొట్టంలో నీళ్లు నిలిచి లోపలి నుంచి తింటూ ఉండవచ్చు. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి వినండి, మొద్దుగా మోగితే నీళ్లో, రాలిన తుప్పో ఉన్నట్టు. అన్నింటికన్నా కింది చోట 6 మి.మీ. రంధ్రం వేసి నీళ్లు దింపాకే రంగు సంగతి.

ప్రశ్న: బందుల కిర్రు, తాళంచెవి బిగుతు?

జవాబు: బందు మేకు ఒకటొకటిగా పైకి లాగి, తుడిచి, పెట్రోలియం జెల్లీ పలచగా పూసి దింపండి. ఒకేసారి రెండు తీస్తే తలుపు మీద పడుతుంది. తాళంలోకి మాత్రం నూనె, జెల్లీ వద్దు. గ్రాఫైట్ పొడి చిటికెడు ఊది, చెవి పెట్టి పదిసార్లు తిప్పండి. మొదటి రెండు మూడు సార్లు చెవి నల్లగా వస్తుంది, తుడిచి మళ్లీ పెట్టండి.