ధర తెలియకుండానే రైతు నిర్ణయం ఎలా తీసుకుంటాడు?

గుంటూరు మార్కెట్ యార్డుకు తేజ రకం మిర్చి తెచ్చిన రైతు ఇవాళే అమ్మాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది ఎలా తేల్చుకుంటాడని అడిగారు. అన్ని లెక్కలూ వేసి మాత్రం కాదు. ఎగుమతులు, పక్క రాష్ట్రాల దిగుబడి, పాత నిల్వలు ఎటు తిరుగుతాయో ముందే చెప్పగలిగేవాళ్లు లేరు. 1978లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న హెర్బర్ట్ సైమన్ మాట ఇక్కడ పనికొస్తుంది: సమాచారం, టైమ్, ఆలోచించే శక్తి పరిమితం కాబట్టి మనిషి అన్నిటికన్నా మంచిదాని కోసం వెతుకుతూ కూర్చోడు, తనకు సరిపడేది దొరకగానే ఆగుతాడు. కౌలు, వడ్డీ, కోత కూలీలు తీరే ధర వస్తే రైతు అమ్మేస్తాడు. దీన్ని తెలివితక్కువ పని అనడం అన్యాయం. నాకైతే సగం అమ్మి సగం దాచడమే మేలనిపిస్తుంది. ధర పడితే అంతా పోదు, పెరిగితే కొంతైనా అందుతుంది. కాకపోతే అప్పిచ్చిన కమీషన్ వ్యాపారికే సరుకు వేయాల్సిన రైతుకు ఆ వీలు కూడా తక్కువే.