చూపు పోయిందని కౌన్సెలర్‌ని చేసేస్తారా?

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు వల్ల చూపు దాదాపు పోయింది. తనలాంటి వాళ్లకు ధైర్యం చెప్పే పీర్ కౌన్సెలింగ్ అయితే సేఫ్ అంటున్నారు. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్ కోర్సు చేయించాలా, సైకాలజీలో పీజీ చేయించాలా? - ఒక తండ్రి

చేయించాలా, చేయించాలా అని రెండుసార్లు అడిగారు గానీ తనకేం చేయాలనుందో మీ మెయిల్‌లో ఒక్క ముక్క లేదండీ. కోపం తెచ్చుకోకండి, ఇలాంటివి నాకు చాలా వస్తాయి, అన్నిట్లోనూ ఉండే టెన్షన్ ఒకటే: మా తర్వాత ఈ పిల్ల ఎలా బతుకుతుంది?

ముందు కోర్సు సంగతి. పీర్ కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లు డాక్టర్నీ అమ్మనీ అడగలేనివి అడుగుతారు. వెన్నెముక దెబ్బతిన్న కుర్రాడు యూరిన్ బ్యాగ్‌తో ఆఫీసుకెలా వెళ్లాలంటాడు, కొత్తగా చూపు పోయినావిడ తెల్లకర్ర పట్టుకుని వీధిలోకెళ్లాలంటే సిగ్గుగా ఉందంటుంది. సలహాలు గుప్పించకుండా వినాలి, తన కథ ఎక్కడ ఆపాలో తెలియాలి, చచ్చిపోవాలనుంది అని ఎవరైనా అంటే వెంటనే నిపుణుల దగ్గరికి చేర్చాలి. అనుభవం ఉన్నవాళ్ల పర్యవేక్షణలో నిజమైన మనుషులతో కూర్చోకుండా, రికార్డు చేసిన పాఠాలు చూస్తే ఇది రాదు. అందుకే ఆ సర్టిఫికెట్ల మీద నాకు నమ్మకం తక్కువ. పైగా ఈ పనుల్లో చాలావరకు వాలంటీర్‌గానో పార్ట్ టైమ్‌గానో ఉంటాయి, సేఫ్ అన్నవాళ్లు ఆ మాట చెప్పారా? పీజీ చేస్తే ముందుకెళ్లే దారులు ఎక్కువే, అదైనా సైకాలజీ తనకు ఇష్టమైతేనే.

అసలు నాకు బాధ కలిగేది వేరే. చూపు లేనివాళ్లు చూపు లేనివాళ్లకే పనికొస్తారని మనమే గిరి గీసేస్తున్నాం. పోలియోతో మెడ కింద కదలిక పోయిన ఎడ్ రాబర్ట్స్ 1962లో అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో చేరి రాజనీతి శాస్త్రం చదివాడు. ఇతను ఏ ఉద్యోగమూ చేయలేడని కాలిఫోర్నియా పునరావాస శాఖ తేల్చేసింది. ఆయనా మిత్రులూ కలిసి 1972లో బర్క్‌లీలోనే పెట్టిన ఇండిపెండెంట్ లివింగ్ సెంటర్‌లో (వికలాంగులు తమ బతుకు తామే నడుపుకోవడానికి తోడ్పడే కేంద్రం) పీర్ కౌన్సెలింగ్ ముఖ్యమైన పని, ఆ తర్వాత ఆయన ఆ శాఖకే డైరెక్టర్ అయ్యాడు. మా బతుకు మేమే నిర్ణయించుకుంటాం అన్నవాళ్లు పెంచిన పనిని మీరు అమ్మాయిని అడక్కుండా ఆమె నెత్తిన పెడుతున్నారు!

భయపడకండి. చూపు లేనివాళ్లు లా చదువుతున్నారు, కోడింగ్ చేస్తున్నారు, పాఠాలు చెబుతున్నారు. తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, ఇవాళే కంప్యూటర్‌లో పెట్టించండి. డిగ్రీ మాత్రం ఆపించొద్దు. ఇప్పుడు తనకే ఒక పీర్ కౌన్సెలర్ అవసరం, చదువు మధ్యలో చూపు పోయి నిలదొక్కుకున్న మనిషి ఎవరైనా దొరికితే మాట్లాడనివ్వండి, మీరు గది బయట కూర్చోండి. తర్వాతి మెయిల్ తననే రాయమనండి.