పాత ఎముకల్ని అస్థికలు అనాలా, శిలాజాలు అనాలా?

సందేహం: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. రొయ్యల చెరువు తవ్వుతుంటే ప్రొక్లెయిన్ బకెట్లో పాత ఎముకలు, పళ్ళు వచ్చాయి. పేపర్లో హెడ్డింగేమో ‘పశువుల అస్థికలు’ అని, కింద వార్తలోనేమో ‘శిలాజాలు’ అని వేశారు. మా అబ్బాయి స్కూల్ ప్రాజెక్టులో ఏ మాట రాయాలండి?

సమాధానం: రెండూ వద్దమ్మా, ‘ఎముకలు’ అని రాయమనండి. పళ్ళు, కొమ్ములు, గుల్లలు అన్నీ కలిపి చెప్పాల్సి వస్తే ‘జంతు అవశేషాలు’ అనచ్చు.

సంస్కృతంలో అస్థి అంటే ఎవరి ఎముకైనా అస్థే, కానీ తెలుగు వాడుకలో అస్థికలంటే దహనం అయ్యాక ఏరి కుండలో పెట్టి రాజమండ్రి తీసుకెళ్ళి గోదాట్లో కలిపేవే, మన జిల్లాల్లో ఈ మాట తెలియని ఇల్లుండదు, దాన్ని తీసుకెళ్ళి గేదె దవడకి తగిలిస్తే చదివేవాళ్ళ మనసు చివుక్కుమంటుంది. ఇక శిలాజం అంటే ఖనిజాలు చేరి రాయిలా మారినది. మన డెల్టాలో పైపై ఒండ్రు పొరలు కొన్ని వేల ఏళ్ళలో పడ్డవే, చెరువు లోతులో దొరికిన ఎముక అంతగా రాయి అయ్యే అవకాశం చాలా తక్కువ. పైగా రాయి కాకపోవడమే మనకి లాభం, ఎముకలో కొలాజెన్ అనే ప్రొటీన్ మిగిలుంటే దాంట్లోంచే కార్బన్ 14 పరీక్ష చేసి వయసు కడతారు. ఆ కార్బన్ 5,730 ఏళ్ళకి సగం అవుతుంది, సుమారు 50,000 ఏళ్ళు దాటితే కొలవడానికి ఏమీ మిగలదు. కాకపోతే మన నేల తడుస్తా ఆరుతా ఉంటుంది కదా, దాంతో కొలాజెన్ త్వరగా పాడవుతుంది.

అసలు ఎముకకి మనకి ఇంకో పాత మాట ఉందండి, దుమ్ము. దుమ్ములగొండి అనే పేరులో ఉన్నది ఆ దుమ్మే, ధూళి కాదు. తవ్వకాల్లో దొరికిన ఎముక మీద గాట్లుంటే అది మనిషి కోసి తిన్నదా, దుమ్ములగొండి లాంటి జంతువు కొరికిందా అని చూస్తారు, కత్తి గాటు సన్నగా తిన్నగా ఉంటుంది, పంటి గాటు గుంట పడినట్టు ఉంటుంది.

పేపర్లో ‘పశువుల’ అన్నారే, అది కూడా చూసుకోవాలి. మన వాడుకలో పశువులంటే ఆవులూ గేదెలూ, గొర్రెలూ మేకలూ అయితే జీవాలు. ఇది ఎంత అక్కరకొచ్చే మాటో చూడండి, గొర్రె ఎముకకీ మేక ఎముకకీ తేడా పట్టడం నిపుణులకే కష్టం, ముక్కలైతే మరీను, అందుకని ‘గొర్రె లేదా మేక’ అని రెంటినీ ఒకే లెక్కలో వేసేస్తారు. మనకైతే జీవాలు అంటే సరిపోయింది! ఏదో ఖాయంగా తేలాలంటే ఆ కొలాజెన్నే ల్యాబ్‌లో పరీక్షించాలి.

పళ్ళ మాటలు కూడా సంతలో వాడేవే రాయమనండి. రెండు పళ్ళది, నాలుగు పళ్ళది అని మన రైతులు నోరు తెరిచి వయసు చెప్తారు కదా, అవి ముందు పళ్ళు, మట్టిలో అవి ఊడిపోతాయి గనక తవ్వకాల వాళ్ళు ఎక్కువగా దవడకి అంటుకునున్న దంతాల అరుగుదల చూస్తారు. జంతువులు లేత వయసులోనే ఎక్కువ చచ్చిపోయాయంటే మాంసానికి అనీ, ముసలివే ఎక్కువుంటే పాలకీ దుక్కికీ ఉంచుకున్నారనీ అంచనా వేస్తారు.

చేపకి మాత్రం ఎముక అనకండి, మనకి చేప ముల్లే. పులస తిన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. వెన్నులోంచి ఊడిన గుండ్రటి బిళ్ళలు దొరికితే వెన్నుపూసలు అనచ్చు, వాటి మీద వలయాలు లెక్కపెట్టి చేప వయసు చెప్తారు. అయితే అవి మరీ చిన్నవి, మట్టిని జల్లెడ పడితేనే దొరుకుతాయి, ప్రొక్లెయిన్ తోడిన మట్టిలో ఎవరూ జల్లెడ పట్టి ఉండరు. కాబట్టి బాబు ప్రాజెక్టులో ‘చేపలు లేవు’ అని రాయద్దనండి, ‘జల్లెడ పట్టలేదు’ అని రాస్తే నిజం రాసినట్టు.