మూత లేని కాలువ ఎవరి పని?

(పౌర సమస్యలపై పాఠకులు అడిగే ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నది మున్సిపల్ ఆఫీసుల్లో 33 ఏళ్లు పనిచేసిన విశ్రాంత ఉద్యోగి. అందులో ఎక్కువ కాలం కౌన్సిల్ సెక్షన్‌లో ఉన్నారు. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నారు.)

ప్రశ్న: అయ్యా, నమస్తే. మాది నెల్లూరు జిల్లాలో ఒక పట్టణం. మా వీధి మలుపులో సైడు కాలువ మీద వేసిన కడప బండ విరిగి ఏడు నెలలైంది. ఎదురుగా ఉన్న వీధి లైటు కూడా వెలగదు. పోయిన నెల మా బాబు ట్యూషన్ నుంచి సైకిల్ మీద వస్తూ అందులో పడ్డాడు. మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. మా కౌన్సిలర్ గారికి అంతకు ముందే చెప్పాం. "ఈసారి మీటింగ్‌లో పెడతానమ్మా" అన్నారు. రెండు మీటింగులు అయిపోయాయి. పేపర్లో వెతికితే మా వీధి ఊసే లేదు. అసలు మీటింగ్‌లో పెట్టడం అంటే ఏంటి? మేమేం చేయాలి?
— ఒక తల్లి, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, బాబు మోకాలు ఇప్పుడెలా ఉంది? మీ ఉత్తరం చదవగానే ముందు అదే అడగాలనిపించింది. మురుగులో పడి తగిలిన దెబ్బ కాబట్టి కుట్లు వేసిన చోట వాపు గానీ చీము గానీ కనిపిస్తే ఇంట్లో పసుపు రాసి ఊరుకోకండి, డాక్టరుకు చూపించండి.

విరిగిన బండ మార్చడానికి కౌన్సిల్ మీటింగ్ అక్కర్లేదు. ఆరిపోయిన లైటు వెలిగించడానికి అంతకన్నా అక్కర్లేదు. ఇవి రోజువారీ మరమ్మతులు. బండ సంగతి ఇంజినీరింగ్ సెక్షన్‌లో ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారు చూస్తారు. మీ వార్డు సచివాలయంలో అయితే వసతుల కార్యదర్శికి చెప్పాలి. లైటు కూడా మున్సిపాలిటీదే. చాలామంది కరెంటు వాళ్ల 1912కి ఫోన్ చేసి, "వీధి లైటు మా పని కాదండీ" అనిపించుకుంటారు. తీగ తెగినా, స్తంభం ఒరిగినా, తడిసినప్పుడు షాక్ కొడుతున్నా 1912కి చేయాలి. మీ వైపు ఎస్పీడీసీఎల్, మా ప్రకాశంలో సీపీడీసీఎల్ అనే కరెంటు కంపెనీలు చూస్తాయి. వీధి లైటు వెలగకపోతే మాత్రం మున్సిపాలిటీకే చెప్పాలి.

"మీటింగ్‌లో పెడతా" అన్న మాట నమ్మి మీరు ఆగిపోయారు. ఆ మాట అన్నవారికి చెడ్డ ఉద్దేశం ఉండి ఉండదు. కానీ నెలలు అక్కడే గడిచిపోయాయి.

కౌన్సిల్ మామూలుగా నెలకోసారి కూర్చుంటుంది. ఆఫీసులో ఒక్కో సెక్షనూ తన అంశాలు రాసి పంపుతుంది. మేం వాటికి వరుస నంబర్లు వేసి, అజెండా తయారుచేసి, సమావేశానికి కొన్ని రోజుల ముందే సభ్యులకు పంపేవాళ్లం. ఎస్టిమేట్లు, ఏ పనికి ఏ నిధులు వాడాలి, టెండర్లు, షాపుల అద్దెలు, లీజులు... అజెండాలో ముప్పాతిక భాగం ఇవే. ఆఖరి నిమిషంలో చేర్చేవాటిని టేబుల్ అజెండా అంటారు. ఇవి కాక సభ్యులు లేచి "మా వార్డుకు నీళ్లు రావట్లేదు", "మా వీధిలో చెత్త తీయట్లేదు" అని మాట్లాడే సమయం ఒకటుంటుంది. చాలాచోట్ల దాన్ని జీరో అవర్ అంటారు. అక్కడ అడిగినదానికి అధికారి లేచి "చూస్తామండి" అంటారు. ఆ మాటకు తీర్మానం నంబరు పడదు. మీ కౌన్సిలర్ గారు నిజంగానే మీ బండ గురించి మాట్లాడి ఉండొచ్చు. అయినా సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకంలో దాని ఆనవాలు ఉండకపోవచ్చు. వీధి పొడవునా కొత్త కాలువ కట్టమని అడిగితే అది వేరు. దానికి ఎస్టిమేటు వేయించి, అజెండాలో ఎక్కించి, తీర్మానం చేయించాలి. అప్పుడు కౌన్సిలర్ గారి వెంట పడండి.

మీకు ఇప్పుడు కావాల్సింది నంబరు పడిన కాగితం. ఇది నేను ఎలా నేర్చుకున్నానో చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు.

తొంభైల్లో మాట. ఊరి పేరు వద్దు. ఆఫీసుకు వచ్చే కాగితాలు తీసుకునే టపాలు సీటులో నేను జూనియర్ అసిస్టెంటుని. మర్నాడు కౌన్సిల్ మీటింగ్. అజెండా స్టెన్సిల్ మీద టైపు కొట్టి సైక్లోస్టైల్ యంత్రం మీద కాపీలు తీస్తున్నాం. చేతులనిండా నల్ల ఇంకు. పాలు పోసే ఆయన ఒకరు సైకిల్ బయట ఆపి, నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం తెచ్చి ఇచ్చాడు. సందు మలుపులో కల్వర్టు బండ కుంగిపోయిందనీ, చీకట్లో కనపడదనీ, ఎవరైనా పడతారనీ రాశాడు. నాలుగే నాలుగు లైన్లు. కాగితం అంచున పాల మరక. "మీటింగ్ అయ్యాక చూస్తాలే, అక్కడ పెట్టి వెళ్లు" అన్నాను. మీటింగ్ అయింది. మినిట్స్ రాసే హడావుడిలో ఆ కాగితం పేపర్ వెయిట్ కింద నుంచి బల్ల సొరుగులోకి పోయింది. వచ్చిన కాగితాలకు నంబరు వేసి రాసుకునే ఇన్‌వార్డ్ పుస్తకంలో ఎక్కించలేదు.

మూడు వారాలు తిరక్కుండానే ఆ సందులో ఒక పెద్దావిడ తెల్లవారుజామున పాలగిన్నె పట్టుకుని ఇంట్లోంచి వచ్చి ఆ గుంతలో పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమె మళ్లీ నడవలేదు. పాలాయన ఆఫీసుకొచ్చి నా మీద కేకలు వేయలేదు. "నా కాగితం ఏమైంది సార్?" అని అడిగాడంతే. సొరుగు లాగాను. మరకతో సహా అలాగే ఉంది. నంబరు లేదు కాబట్టి ఆఫీసు లెక్కలో ఆ కాగితం రానే లేదు. ఆ మాట ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. రిటైరయ్యే దాకా నంబరు వేయకుండా ఏ అర్జీనీ కింద పెట్టలేదు. అయినా ఆ పెద్దావిడ సంగతి ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

అందుకే అమ్మా, ఈ రోజే అర్జీ రాయండి. బండకు ఒకటి, లైటుకు ఒకటి విడిగా. రెండూ ఒకే కాగితంలో రాస్తే ఏ సెక్షన్‌కు పంపాలో తేలక ఫైలు తిరుగుతూనే ఉంటుంది. "మా వీధి సమస్యలు పరిష్కరించండి" అని పొడిగా రాయకండి. ఇలా రాయండి:

"కమిషనర్ గారికి. ఫలానా వార్డు, ఫలానా వీధి, ఇంటి నంబరు ఫలానా ఎదురుగా సైడు కాలువ మీద మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ విరిగి ఏడు నెలలైంది. కాలువ లోతు సుమారు మూడడుగులు. ఫలానా తేదీ రాత్రి ఏడు గంటలకు మా అబ్బాయి సైకిల్‌తో సహా అందులో పడ్డాడు. మోకాలికి ఆరు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి చీటీ నకలు, ఫోటో జతచేశాను. కొత్త బండ వేయించి, వేసేదాకా గుంత చుట్టూ అడ్డు పెట్టించగలరు."

లైటు అర్జీలో స్తంభం మీద రాసిన నంబరు తప్పకుండా వేయండి. అది లేకపోతే మనిషి వచ్చి వేరే లైటు చూసి వెళ్లిపోతాడు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు వేయించుకోండి. "తర్వాత వేస్తాం" అంటే అక్కడే నిలబడండి. వారం, పది రోజులు చూసి కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే నంబరు చూపించి ఇవ్వండి. అక్కడ కూడా రసీదు ఇస్తారు. అప్పటికీ పని కాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు కట్టి, "ఫలానా నంబరు అర్జీ మీద తీసుకున్న చర్యల ప్రతులు ఇవ్వండి" అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు చూపిస్తే ఆ ఫీజు కూడా అక్కర్లేదు.

బండ వేసే దాకా ఆ గుంతలో వేప కొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టండి. మన వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. 2021 నవంబరు వరదలు మీకూ గుర్తుండే ఉంటాయి. వాయుగుండం పట్టి రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిస్తే రోడ్డేదో కాలువేదో తెలియదు. ఆ నీళ్లలో ఆ కొమ్మే ఆనవాలు.

ప్రశ్న: మా ఊళ్లో ప్రస్తుతం ఎన్నికైన పాలకవర్గం లేదు. ప్రత్యేకాధికారి పాలన. ఇప్పుడు మేం ఎవరిని అడగాలి?
— ఒక చిరువ్యాపారి, నెల్లూరు జిల్లా

జవాబు: కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు ప్రత్యేకాధికారి చేస్తారు. మిగతా ఆఫీసంతా మామూలే. పైన ఆ తల్లికి చెప్పిన దారి మీకూ వర్తిస్తుంది. కౌన్సిలర్ లేరు కాబట్టి మీ వీధివాళ్లు పదిమంది సంతకాలతో అర్జీ ఇస్తే బరువు ఉంటుంది.

ప్రశ్న: నేను రిటైర్డు టీచర్ని. మా వీధిలో స్కూలు ఉంది. బడి వదిలే వేళకు బైకుల వేగం చూస్తే గుండె ఆగినంత పనవుతుంది. చందాలు వేసుకుని మేమే సిమెంటు, ఇసుక తెచ్చి రెండు స్పీడ్ బ్రేకర్లు కట్టుకుందామని కాలనీవాళ్లు అంటున్నారు. కట్టొచ్చా?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మాస్టారూ, మీ భయం నాకు తెలుసు. అయినా దయచేసి కట్టొద్దు. సొంతంగా కట్టినవి నేను చాలా చూశాను. అడుగు వెడల్పు, అరడుగు ఎత్తున సిమెంటు దిమ్మ. దాని మీద రంగుండదు, ముందు బోర్డుండదు. రాత్రిపూట బండి ఎగిరి పడేది వెనక కూర్చున్న ఆడమనిషే. నెలలు నిండిన గర్భిణి ఆటోలో ఆసుపత్రికి పోతుంటే ఆ దిమ్మ మీద కుదుపు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంటే పన్నెండడుగుల వెడల్పున, నాలుగంగుళాల ఎత్తుకు మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. దాని మీద చారల రంగు ఉండాలి, ముందుగా హెచ్చరిక బోర్డు ఉండాలి.

ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి. మున్సిపాలిటీదైతే కమిషనర్ గారికి, ట్రాఫిక్ పోలీసులకు కలిపి అర్జీ ఇవ్వండి. ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ)దైతే వాళ్లను అడగాలి. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయకూడదన్నది నియమం. అక్కడ దాటే దారి, బోర్డు, లైట్లు అడగాలి. హెడ్‌మాస్టర్ గారి చేత స్కూలు లెటర్‌హెడ్ మీద రాయించండి. బడి వదిలే అరగంటా ఒక కానిస్టేబుల్ని నిలబెట్టమని స్టేషన్‌లో అడగండి. దీనికి ఎస్టిమేటు అక్కర్లేదు, టెండరూ అక్కర్లేదు. రేపే జరగొచ్చు.

ప్రశ్న: మా కాలనీలో వీధికుక్కలు ఇరవై దాకా ఉన్నాయి. మా పాపను కరిచాయి. రెండు ఇంజెక్షన్లు వేయించాం. కుక్క బాగానే తిరుగుతోంది కదా అని ఆపేశాం. వీటిని చంపించమని కౌన్సిల్ తీర్మానం చేయకూడదా?
— ఒక గృహిణి, ప్రకాశం జిల్లా

జవాబు: చేయకూడదమ్మా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలను పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేయాలి. వాటిని పట్టుకున్న చోటే వదలాలని 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు చెప్పింది. రేబిస్ ఉన్నవాటినీ, మీద పడి కరిచేవాటినీ మాత్రం వదలకూడదు. కుక్కలకు తిండి పెట్టడానికి వార్డుల్లో విడిగా చోట్లు చూపించాలని కూడా చెప్పింది. అదే ఏడాది నవంబరులో స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి కుక్కలను తరలించాలనీ, తిరిగి అక్కడ వదలొద్దనీ ఆదేశించింది. మీరు కౌన్సిల్‌ను అడగాల్సింది ఈ ఆపరేషన్లకు డబ్బు కేటాయించమని. మా వార్డులో ఎన్నిటికి చేశారు, ఎన్ని మిగిలాయి అని లెక్క అడగండి.

ఇంకో సంగతి. మీ కాలనీ చివర చికెన్ షాపు ఉందా? రాత్రి షాపు కట్టేసేటప్పుడు ఈకలు, పేగులు ఖాళీ స్థలంలో పారేస్తున్నారేమో చూడండి. ఇరవై కుక్కలు ఒకే చోట చేరాయంటే తిండి దొరుకుతోందని అర్థం. శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఫోటోతో చెబితే జరిమానా వేస్తారు. ఆ వ్యర్థాలు ఆగకుండా కుక్కలు కదలవు.

పాప విషయం మాత్రం పత్రిక వచ్చేదాకా ఆగేది కాదు. అందుకే మీ ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాను. రేబిస్ ఒకసారి బయటపడిందంటే మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. డాక్టరు చెప్పకుండా ఒక్క డోసు కూడా ఆపకూడదు. టీకా ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. కరిచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకుపసర్లు పెట్టకూడదు. మర్నాడు మీరు పాత చీటీ తీసుకుని పాపతో ఆసుపత్రికి వెళ్లామనీ, మిగిలిన డోసులకు తేదీలు రాసిచ్చారనీ చెప్పారు. ఆ చీటీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. చివరి డోసు పడ్డాక నాకొక మాట చెప్పండి.